హబ్బులో పాల టీ

సాహిత్య క్లబ్బు పత్రికకి ఆయిల్ సీలు గురించి రాస్తున్నానంటే మా రూమ్మేటు పడీపడీ నవ్వాడు. వాడిది విశాఖపట్నం. దమ్ము అంటే వాడికి ధైర్యం, కాదంటే సిగరెట్టు. మా కోనసీమలో దమ్ము అంటే సార్వా ఊడ్పులకి ముందు చేలో నీళ్ళు కట్టి, మట్టిని కలియదున్ని, వెన్నలాంటి బురద చెయ్యడం. ఒక్క మాట రెండు ఊళ్ళలో ఇంత తేడాగా బతుకుతోందంటే దాని మీద నాలుగు పేజీలు రాయొచ్చని వాదించాను. సంపాదకులు ఒప్పుకున్నారు. కాబట్టి ఈసారి కవితల మధ్య కాస్త గేరాయిల్ వాసన వస్తే సర్దుకోండి.

మెకానికల్ కానివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. చక్రం తిరగాలంటే ఇరుసు తిరగాలి. లోపల బేరింగులు, పళ్ళచక్రాలు నూనెలో తడుస్తూ ఉండాలి. ఆ నూనె బయటికి రాకూడదు, బయటి నీళ్ళూ మట్టీ లోపలికి పోకూడదు. తిరిగే భాగానికీ తిరగని కేసుకీ మధ్య ఉన్న సందుని మూసే రబ్బరు రింగే ఆయిల్ సీలు. దాని మీద 35, 52, 7 లాంటి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది లోపలి వ్యాసం, రెండోది బయటి వ్యాసం, మూడోది వెడల్పు, అన్నీ మిల్లీమీటర్లలోనే. బయట రేకు గాజు, లోపల రబ్బరు పెదవి, ఆ పెదవిని ఇరుసు చుట్టూ హత్తి ఉంచడానికి వెనకాల సన్నటి స్ప్రింగు. స్ప్రింగున్న వైపు నూనె వైపుకి చూడాలి.

విచిత్రం ఏంటంటే, ఆ పెదవి ఇరుసుని పొడిగా రాసుకుంటూ తిరగదు. మధ్యలో కంటికి కనపడనంత పలచటి నూనె పొర ఉంటుంది. ఆ పొర మీదే పెదవి జారుతుంది. పొర లేకపోతే రబ్బరు మాడిపోతుంది, పొర మందం ఎక్కువైతే కారుతుంది. బొత్తిగా కారకుండా, బొత్తిగా ఎండకుండా ఉండే ఆ మధ్యస్థితిలోనే దాని ఆయుష్షంతా. ఇరుసు నునుపు కూడా అలాంటిదే. గరుకుగా ఉంటే పెదవి కోసుకుపోతుంది. మరీ అద్దంలా ఉంటే నూనె నిలవదు.

ఇదంతా తారు రోడ్డు మీద బాగానే నడుస్తుంది. మా చేలోకి దిగితే కథ మారుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలవలెక్కి మా చేలకి వచ్చాయి. అప్పట్నుంచీ మా క్యాలెండరు సార్వా, దాళ్వా. జూన్‌లో కాలవలు వదులుతారు. నీళ్ళు ప్రధాన కాలవ నుంచి పిల్ల కాలవకీ, అక్కణ్ణుంచి బోదెకీ, బోదె నుంచి చేలోకీ వస్తాయి. ఆకుమడి ఎదిగేలోపు దమ్ము అయిపోవాలి. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి, పిలకలు తగ్గితే బస్తాలు తగ్గుతాయి. ఊరందరికీ ఒకేసారి నీళ్ళొస్తాయి కాబట్టి ఊరందరికీ ఒకేసారి దమ్ము కావాలి. ఉన్నవి నాలుగైదు ట్రాక్టర్లు. ఆ మూడు వారాల్లో ఒక బండి పాడైతే ఇబ్బంది ఆ బండి ఒక్కడిది కాదు, దానికోసం కాచుకున్న వాళ్ళందరిదీ.

మా తాతయ్య రోజుల్లో దున్నపోతులతో దమ్ము చేసేవారు. "దానికి సీలూ లేదు, బేరింగూ లేదు, సాయంత్రం కాలవలో పడుకోబెడితే పొద్దున్నకి కొత్త బండే" అంటాడాయన. కాకపోతే ఇప్పుడు దున్నలూ లేవు, వాటిని తోలేవాళ్ళూ లేరు. 2011 సార్వాలో కోనసీమ రైతులు చేలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించిన సంగతి మీలో కొందరు వినే ఉంటారు. పెరిగిన కూలి, గిట్టని ధర, పూడిపోయిన మురుగు కాలవలు, ఇవీ అప్పట్లో రైతులు చెప్పిన కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ కూడా వేసింది. అప్పటికి నేను చిన్నపిల్లాణ్ణి. నాకు గుర్తున్నదల్లా ఆ ఏడాది చేలగట్ల మీద గడ్డి మా మోకాళ్ళ పైకి పెరగడం. ఖర్చు అంత ఇరుకుగా ఉన్న చోట ట్రాక్టరు రోజుకి ఎన్ని గంటలు తిరిగిందన్నది చిన్న లెక్క కాదు.

మా ఊరు రాజోలు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది. మా బాబాయ్‌కి ముందు చక్రాలు కూడా తిరిగే ఫోర్ వీల్ ట్రాక్టరు ఉంది. సెకండ్ హ్యాండుది, ఫైనాన్సులో తీసుకున్నాడు. ఆరు నెలలకో వాయిదా. సార్వా దమ్ములో వచ్చిన డబ్బుతో ఒక వాయిదా, దాళ్వా దమ్ములో వచ్చిన దానితో ఇంకోటి. ఈ లెక్కలో ఎక్కడా ఖాళీ లేదు. పోయినేడు సెమిస్టరు పరీక్షలయ్యాక నేను ఇంటికెళ్ళేసరికి ఆ బండి మా కొబ్బరితోటలో జాకీ మీద ఉంది. ముందు రెండు హబ్బులూ కారుతున్నాయి.

అప్పటికే రెండుసార్లు సీళ్ళు మార్పించాడట. మొదటిసారి వేసినవి పది రోజులు ఆగాయి. రెండోసారి వేసినవి నాలుగు రోజులకే చెమర్చాయి. పట్నంలో ఒక షెడ్డువాళ్ళు చూసి, హబ్బు మొత్తం పోయింది, రెండు వైపులా లోపలి సామాను సెట్టుగా మార్చాల్సిందే, నలభై వేలు దాటుతుంది, సామాను రావడానికి వారం పడుతుంది అన్నారు. వారం అంటే దమ్ములో మూడో వంతు. బాబాయ్ ఆ కాగితం జేబులో పెట్టుకుని రెండు రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు. మా పక్క చేను కౌలుకి చేసే ఆయన పొద్దునా సాయంత్రం వచ్చి బండి వైపు చూసి వెళ్ళిపోతున్నాడు. ఆయన ఆకుమడికి అప్పటికే ఇరవై రోజులు దాటాయి. అడిగితే బాబాయ్ బాధపడతాడని ఆయన అడగడు. అడగకుండా చూసి వెళ్ళడం ఇంకా కష్టంగా ఉండేది మాకు.

మూడో రోజు బాబాయ్ మా ఊరి మేస్త్రీని పిలిచాడు. ఆయన అమలాపురంలో చాలా ఏళ్ళు లారీలకి పనిచేసి, వయసు మీదపడ్డాక ఊళ్ళో ఉండిపోయాడు. వచ్చీ రాగానే స్పానరు పట్టుకోలేదు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "మూడోసారి సీలు ఏస్తే మూడోసారీ పోతాదండి. ముందు ఎందుకు పోతందో సూడాలి కదండి, ఆయ్" అన్నాడు.

మొదటి పని కడగడం. రెండు హబ్బులూ డీజిలుతో తుడిచి, గుడ్డతో ఆరబెట్టాడు. తరవాత మా చెల్లి పౌడరు డబ్బా అడిగి హబ్బు చుట్టూ చల్లాడు. చెల్లి ముఖం చూడాలి. బండి అరగంట తోటలో తిప్పి తీసుకొచ్చాక తెల్లటి పౌడరు మీద నూనె గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనపడింది. డ్రెయిన్ బిరడా దగ్గర పొడిగా ఉంది. చక్రం మలుపు తిరిగే పిన్ను దగ్గరా పొడిగానే ఉంది. రెండు వైపులా సీలు పెదవి దగ్గరే తడి. నూనె ఎప్పుడూ పైన పుట్టి కింద కనపడుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది, కింద బొట్టు చూసి తీర్పు చెప్పకూడదు అన్నది ఆయన సూత్రం.

రెండో పని, నూనె దింపి చూడటం. కుడివైపు బిరడా విప్పితే ముదురు తేనె రంగులో రావాల్సిన నూనె పాల టీ రంగులో వచ్చింది. నీళ్ళు కలిసిన గేరాయిల్ అలాగే ఉంటుంది. ఎడమవైపుది అంత తెల్లగా లేదు, కానీ మసకగా ఉంది. అందులో నీళ్ళున్నాయా లేవా అన్నది తేలాలి. వంటింట్లో పాత అట్ల పెనం ఒకటి అడిగి, బయట కర్రల పొయ్యి మీద వేడి చేసి, రెండే రెండు చుక్కలు వేశాడు. మంచి నూనె అయితే ఊరికే పొగ వస్తుంది. ఇది చిటపటలాడింది. అంటే నీళ్ళున్నట్టే. ల్యాబుల్లో నూనెలో నీటిని పట్టుకోవడానికి ఇదే పరీక్ష హాట్ ప్లేటు మీద చేస్తారు. మా నాయనమ్మ ఆ పెనాన్ని ఇంక ఇంట్లోకి రానివ్వలేదు, అది వేరే సంగతి.

మూడోది, చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపడం. లొడలొడ ఆడితే బేరింగు వదులైనట్టు. బేరింగు వదులైతే ఇరుసు మధ్యలో తిరగకుండా పక్కలకి ఊగుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన సీలు వేసినా కారుతుంది. మాది ఆడలేదు. చెయ్యి వేసి తిప్పితే గరగర కూడా లేదు. "హబ్బు పోయిందన్నోడు ఊపి సూళ్ళేదండి" అన్నాడు మేస్త్రీ. బాబాయ్ రెండు రోజుల తరవాత మొదటిసారి టీ తాగాడు.

కుడివైపు విప్పాక సగం కథ దొరికింది. సీలు వెనకాల ఇరుసు చుట్టూ నైలాన్ దారం, పొరలు పొరలుగా, తాడు పేనినట్టు బిగుసుకుపోయి ఉంది. చేపల చెరువుల్లో వాడి పారేసిన వల దారం. మా వైపు చేల పక్కనే చెరువులు. తెగిన వల ముక్కలు బోదెల్లో కొట్టుకొచ్చి చేలో పడతాయి. గడ్డి పరక చుట్టుకుంటే నాని, కుళ్ళి, ఊడిపోతుంది. నైలాన్ కుళ్ళదు. చక్రం తిరిగే కొద్దీ బిగుసుకుంటూ సీలు పెదవి కిందికి దూరి కోసేస్తుంది. కోసిన చోటి నుంచి ఒండ్రు లోపలికి పోతుంది. మా ఒండ్రు చేత్తో పట్టుకుంటే వెన్నలా ఉంటుంది గానీ, అందులో ఉండే సన్నటి ఇసుక రబ్బరుకీ ఇరుసుకీ మధ్య చిక్కుకుంటే ఎమరీ కాగితమే. ఆ గుర్తు ఇరుసు మీద ఉంది. పెదవి కూర్చునే చోట చుట్టూ సన్నటి గాడి. గోరుతో గీస్తే గోరు ఆగింది. గోరు ఆగిందంటే కొత్త సీలు పెదవి కూడా ఆ గాడిలోనే పడుతుంది, పడితే పట్టు దొరకదు. రెండుసార్లు కొత్తవి వేసినా కుడివైపు ఎందుకు నిలవలేదో అక్కడ తేలింది.

కానీ ఎడమవైపు విప్పితే దారం లేదు. గాడి లేదు. పెదవి మెత్తగా, స్ప్రింగు గట్టిగా, అంతా బాగానే ఉంది. బాగున్న సీలు ఎందుకు కారుతోంది? పైగా దానిలోకి నీళ్ళెలా వచ్చాయి? మేస్త్రీ కూడా కాసేపు బీడీ వెలిగించి ఆలోచనలో పడ్డాడు.

అప్పుడు బాబాయ్ ఒక మాటన్నాడు. పొద్దున్నే నూనె చూసుకోవడానికి లెవెలు బిరడా వదులు చేసినప్పుడల్లా సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తుందట. ఆయనకి అదేదో మామూలే అనిపించింది. నాకు ఆ చప్పుడు మాట వినగానే మా కాలేజీ ఏటీవీ గుర్తొచ్చింది.

మనలో చాలామందికి బాహా పోటీ తెలుసు. అమెరికాలో 1976లో సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దేశంలో ఎస్ఏఈ ఇండియా 2007 నుంచి నడుపుతోంది. విద్యార్థులే గొట్టాలు కోసి, వెల్డింగు చేసి, ఒక మనిషి కూర్చునే ఏటీవీ తయారుచేసి, బురదలో, గుంటల్లో నాలుగు గంటల ఎండ్యూరెన్సు రేసు తోలాలి. మా టీములో సీనియర్లు గేరుబాక్సుకి సన్నటి గొట్టం ఒకటి పెట్టి, దాన్ని సీటు వెనక గొట్టం దాకా పైకి తీసుకెళ్ళి కట్టేవారు. అది ఊపిరి గొట్టం, బ్రీదరు. తిరిగే సామాను వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. పోవడానికి దారి కావాలి. చల్లబడితే ముడుచుకుంటుంది. రావడానికి దారి కావాలి. ఆ దారి నీటిమట్టానికి పైన ఉండాలి.

ట్రాక్టరు ముందు యాక్సిల్‌కి కూడా అలాంటిది ఉండాలి. మా బండిలో యాక్సిల్ కేసూ, రెండు చివర్లా హబ్బులూ ఒకే గాలినీ ఒకే నూనెనీ పంచుకుంటాయి. వెతికితే కేసు పైభాగాన, ఇంజను కింద, బురదా గ్రీజూ ఎండి గట్టిపడిన కుప్ప కింద, రేగిపండంత టోపీ దొరికింది. విప్పి ఊదితే గాలి పోలేదు. దాని రంధ్రంలో ఒండ్రు ఎండి ఇటుకైపోయింది.

ఇక లెక్క చూడండి, ఫస్టియర్ ఫిజిక్సే. బండి రోడ్డు మీద చేను దాకా వెళ్ళి, రెండు మూడు గంటలు పనిచేస్తే హబ్బు మీద చెయ్యి రెండు మూడు సెకన్ల కన్నా ఉంచలేం. అంటే సుమారు 60 డిగ్రీలు. పొద్దున్న బయల్దేరినప్పుడు 30 అనుకుందాం. కెల్విన్లలో 303 నుంచి 333. గాలి పోయే దారి లేకపోతే లోపలి పీడనం దాదాపు పది శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి నూనె తనకి దొరికిన ఒకే ఒక్క సందులోంచి, అంటే సీలు పెదవి కింద నుంచి, బయటికి తోసుకొస్తుంది. కాస్త గాలి కూడా పోతుంది. సాయంత్రం పని అయ్యాక బండి చల్లబడితే అదే లెక్క తిరగబడుతుంది. 333 నుంచి 303కి వస్తే పీడనం తొమ్మిది శాతం పడిపోతుంది. తొమ్మిది శాతం అంటే సుమారు 9 కిలోపాస్కల్స్, 90 సెంటీమీటర్ల నీటి ఎత్తుకి సమానం. చేలో హబ్బు మునిగేది ఒక జానెడు. ఆ జానెడు నీళ్ళు బయట నుంచి తోసే ఒత్తిడి కన్నా లోపలి నుంచి లాగే ఒత్తిడి నాలుగైదు రెట్లు ఎక్కువ. అంటే నీళ్ళు దూరలేదు, హబ్బే తాగింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. డ్రైవరు రోజూ సాయంత్రం చేలోంచి వస్తూ వస్తూ బండిని నేరుగా కాలవ రేవులోకి దింపి కడుగుతాడు. ఊళ్ళో అందరూ చేసేదే. పని చేసిన దున్నని కడగకుండా కట్టేస్తే పాపం అనే ఊరు మాది. వేడిగా ఉన్న హబ్బుని ఒక్కసారిగా చల్లటి కాలవ నీళ్ళలో పెడితే ఏమవుతుందో పై లెక్కే చెప్తుంది. దున్నకి పనికొచ్చిన మర్యాద ట్రాక్టరుకి పనికిరాలేదు. మా చేలు సముద్రం వైపువి కాబట్టి తాగేది ఉత్త నీళ్ళు కూడా కాదు. వేసవి చివర్లో బోదెల్లో ఉప్పదనం ఉంటుంది. ఉప్పునీళ్ళు ఇరుసు మీద సన్నటి తుప్పు గుంటలు వేస్తాయి. ఆ గుంటల అంచులు కొత్త పెదవిని గీస్తాయి. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు వాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

మరమ్మతు ఒక పగలు, కాస్త రాత్రి పట్టింది. టోపీ తీసేసి, ఆ మరలోకి సరిపడే నిప్పిలు లేత్ షెడ్డులో చేయించి, డీజిలు పైపు తొడిగి, బానెట్టు ఎత్తుదాకా లాగి, చివర గొడుగు పిడిలా కిందికి వంచి కట్టాం. వంచకపోతే వాన నీళ్ళు పోతాయి. కడిగిన టోపీని ఆ చివరకే బిగించాం. కుడి ఇరుసుకి పలచటి స్టీలు తొడుగు వేస్తే గాడి మూసుకుపోయేది గానీ ఆ సైజుది ఆ రోజు దొరకలేదు. కేసులో సీలు కూర్చునే గూటిలో 2 మిల్లీమీటర్ల చోటు ఉంది. మేస్త్రీ పాత సీలు కన్నా ఆ 2 మిల్లీమీటర్లు ఇవతలగా కొత్తది కూర్చోబెట్టాడు. పెదవి గాడి మీద కాకుండా పక్కన అరగని చోట పడింది. అంతకుముందు గాడి అంచుల్ని సన్నటి ఎమరీతో, ఇరుసు చుట్టూ గుండ్రంగా మాత్రమే రుద్దమన్నాడు. వాలుగా రుద్దితే ఆ గీతలు స్క్రూ మరలా పనిచేసి నూనెని తోడి బయట పోస్తాయి. ఈ మాట తరవాత సీళ్ళ తయారీదారుల కేటలాగుల్లో కూడా చదివాను. మేస్త్రీ ఏ కేటలాగూ చదివినట్టు లేదు.

కొత్త సీలు దించేటప్పుడు ఇరుసు పళ్ళ మీద టేపు చుట్టాడు, పెదవి కోసుకోకుండా. పెదవికి నూనె రాశాడు. సుత్తితో ఒక పక్క కొట్టలేదు. పాత బేరింగు బయటి గాజుని సీలు మీద పెట్టి, అంతటా సమానంగా ఒత్తిడి పడేలా, చుట్టూ తిప్పుకుంటూ నెమ్మదిగా దించాడు. తరవాత కొత్త నూనె పోసి అరగంట నడిపి, లోపల మిగిలిన తెల్లనీళ్ళతో సహా అదీ దింపేసి, మళ్ళీ కొత్తది లెవెలు బిరడా దాకా మాత్రమే పోశాం. ఎక్కువ పోస్తే మంచిదే కదా అని బాబాయ్ అన్నాడు. ఎక్కువ పోస్తే లోపల గాలికి చోటు తగ్గుతుంది, వేడికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మొత్తం ఖర్చు ఆ నలభై వేల కాగితంలో పదో వంతు కూడా కాలేదు.

మర్నాడు పొద్దున్న బండి కౌలు రైతు చేలోకే ముందు దిగింది. మధ్యాహ్నం భోజనానికి ఆపినప్పుడు నేను హబ్బు కింద వేలు పెట్టి చూశాను. ఎడమవైపు పొడి. కుడివైపు కాస్త చెమ్మ. బొట్టు కట్టలేదు. సాయంత్రం బండిని రేవులోకి దింపబోతుంటే బాబాయ్ ఆపి, గట్టు మీద గంటసేపు నిలబెట్టించాడు. చూసినవాళ్ళు నవ్వారు, ట్రాక్టరుకి కునుకా అని. ఆ దమ్ము అయ్యేదాకా రోజూ పొద్దున్న లెవెలు బిరడా వదులు చేస్తే సుయ్యిమన్న చప్పుడు మళ్ళీ రాలేదు. నూనె తేనె రంగులోనే ఉంది. సార్వా వాయిదా కట్టాడు, నాలుగు రోజులు ఆలస్యంగా. కుడివైపు చెమ్మ మాత్రం పూర్తిగా పోలేదు. వేసవిలో తొడుగు వేయించాక గానీ అది ఆరలేదు.

దీన్నుంచి నాకు మిగిలిందేంటని అడిగితే పెద్ద మాటలేం చెప్పలేను. క్లాసులో మనం సీలుని ఒక భాగంగా చదువుతాం, పేరు, బొమ్మ, రెండు మార్కులు. చేలో అది ఒక్కటిగా ఉండదు. దాని వెనక బేరింగు ఉంది, పక్కన ఇరుసు ఉంది, పైన మూసుకుపోయిన టోపీ ఉంది, బయట చేపల చెరువుంది, సాయంత్రం కాలవలో కడిగే అలవాటుంది. సీలు ఖరీదు కొన్ని వందలు. అన్నిటికన్నా మెత్తనిది కాబట్టి అందరి తప్పూ దాని మీదే బయటపడుతుంది. మార్చి మార్చి దాన్నే తిడతాం. బురద నేలల్లో తిరిగే బండ్లకి క్యాసెట్ సీలు అని ఒకటి వస్తోంది. దుమ్ముని ఆపే పెదవులు మూడు నాలుగు, వాటితో పాటు సొంత స్టీలు తొడుగు, అన్నీ ఒకే డబ్బాలో. ఇరుసు అరగదు, ఇసుక త్వరగా దూరదు. మంచి సరుకే. కానీ ఊపిరి గొట్టం మూసుకుపోతే దానికీ అదే గతి.

2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, లంక గ్రామాల్లో కాజ్‌వేలు మునిగితే లోతు తక్కువున్న చోట్ల జనాన్ని దాటించింది ట్రాక్టర్లే. ఆ తరవాత ఎన్ని హబ్బులు పాల టీ తాగాయో ఎవరూ లెక్క రాసి ఉండరు. వరద తగ్గాక ఇల్లు కడుక్కుంటాం, బావి తోడుకుంటాం. బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. లోపల నీళ్ళున్న నూనెతో నాలుగు నెలలు నడిచి, సరిగ్గా దాళ్వా దమ్ములో బేరింగు అరుస్తుంది.

కాబట్టి ఈ సెలవులకి పల్లెలకి వెళ్ళేవాళ్ళకి ఒక చిన్న పని. ఇంట్లో కానీ, పక్కింట్లో కానీ ఫోర్ వీల్ ట్రాక్టరు ఉంటే ముందు యాక్సిల్ మీద ఆ రేగిపండంత టోపీ ఎక్కడుందో వెతకండి. మట్టి గీకి, విప్పి, ఊదండి. గాలి పోతే మళ్ళీ బిగించెయ్యండి. చక్రాల వెనక దారం చుట్టుకుందేమో కత్తితో కోసి లాగండి. లెవెలు బిరడా వదులు చేసి ఒక్క క్షణం చెవి పెట్టండి. సుయ్యిమంటే మాత్రం ఇంట్లోవాళ్ళకి చెప్పండి, కాలవలు వదలకముందే. పెనం అడిగేటప్పుడు ఇక వంటకి పనికిరాదని ముందే చెప్పి తీసుకోండి.